గట్టు కింద నీరు

నర్సాపురం బస్టాండు వెనక సందు, మేడ కింద గది,
తలుపు మీద ఎర్ర బల్బు.
ముప్పై ఒక్క ఏళ్లుగా నా ఉద్యోగం
జనాన్ని కదలొద్దని చెప్పడం.

"చెయ్యి బల్ల మీద పరవండమ్మా, వేళ్లు విడిగా."
కొన్ని చేతులు పరుచుకోవు.
అరచేతికీ బల్లకీ మధ్య
చీమ దూరేంత చీకటి మిగులుతుంది.

తడి ఫిల్ములు క్లిప్పులకి వేలాడే రోజుల్లోనే తెలిసింది నాకు,
ఎముక రాయి కాదని. అది లంక నేల.
ఒక జబ్బు మేట వేస్తుంది,
ఒక జబ్బు కోత కోస్తుంది.

పితాని సుబ్బారాయుడిది మేట.
నలభై ఏళ్లు గునపం మీద కొబ్బరికాయలు వొలిచిన మనిషి.
మోకాట్లో రెండెముకల నడుమ ఉండాల్సిన నల్లని కాలవ
లోపలి పక్క పూడిపోయింది.
అంచుల్లో ముక్కులు పొడుచుకొచ్చాయి,
రాసుకున్న చోటల్లా బండి జాడలా గట్టిపడి తెల్లగా మెరుస్తోంది.
"అరిగిపోయిందంటారా అండీ?"
అరిగిందీ, పెరిగిందీ. రెండూనండి.
ఆ మోకాలితోనే సైకిలెక్కి మొగల్తూరు వెళ్లిపోయాడు.

సువార్తమ్మది కోత.
లేసు అల్లిన చేతులు.
వేళ్ల మొదళ్లలో, కీలు అంచున,
వరద తీశాక గట్టు విరిగిపడ్డట్టు చిన్న చిన్న గండ్లు.
చుట్టూ ఎముక ఉతికి ఉతికి పలచనైన చీర.
సముద్రపు గాలికి సరుగుడు చెట్లలా
వేళ్లన్నీ చిటికెన వేలి వైపే వాలాయి,
కుడి చేతివీ, ఎడమ చేతివీ.
ఫిల్మ్ అడిగి తీసుకుని కిటికీకి పట్టింది,
లేసు ముక్కని చూసినట్టే, కంటికి దగ్గరగా.
"ఇక్కడ కుట్టు జారింది బాబూ.
ఇదిగో ఇక్కడా. ఇక్కడా."
సాయంత్రం డాక్టరుగారి రిపోర్టు వచ్చింది.
అవే మూడు చోట్లు.

చెరువుల రాజుగారి కాలి బొటనవేలు సంగతి వేరు.
ఎలుక కొరికినట్టుంటుందని డాక్టర్లంటారు.
నేను వరి గట్ల మీద పెరిగినవాణ్ణి, ఎలుక పని తెలుసు.
గుండ్రంగా తొలిచేస్తుంది,
పైన మట్టి పెళ్ల చూరులా వేలాడుతుంది.
అచ్చం అలాగే ఉంది.
"రాత్రి దుప్పటి తగిలినా కేకేశానయ్యా" అన్నారాయన,
కాస్త సిగ్గుపడుతూ.

రేవులో పంటు మీద పనిచేసే ఓలేటి పోతురాజుకి
వెన్నుపూసల మధ్య వంతెనలు పడ్డాయి.
మొత్తం వెన్ను ఒకటే గెడ, కణుపులున్న వెదురు.
వెనక నుంచి పిలిస్తే మనిషంతా తిరుగుతాడు,
ఒడ్డుకి మళ్లుతున్న పడవలాగ.

ఇవన్నీ కనపడేవి.

లోవకుమారి రొయ్యల షెడ్డు నుంచి వచ్చింది.
ఇరవై నాలుగేళ్లు. రోజంతా ఐసులో చేతులు.
తెల్లారితే జడ వేసుకోలేదు,
తొమ్మిదైతే గానీ గుప్పిట విచ్చుకోదు.
ఫిల్మ్ చూశాను. రెండుసార్లు చూశాను.
కడిగిన పళ్లెంలా ఉంది.
"ఏమీ లేదన్నారుగా, రేపట్నించి పనిలోకి రా" అన్నాడు
కూడా వచ్చిన మేస్త్రి.

ఏమీ లేదు. ఎన్నిసార్లు విన్నానో ఈ మాట.
గట్టు విరగడానికి ఎన్నాళ్ల ముందు నుంచి
కింద నీరు తొలుస్తుందో లంకవాళ్లనడగండి.
రాత్రిళ్లు చెవి ఆనించి వింటారు వాళ్లు.
నా మిషనుకి చెవి లేదు.

మేస్త్రి బీడీకి బయటికెళ్లాక ఆ పిల్ల మెల్లగా అంది,
"ఇప్పుడు పదకొండయిందండి, నొప్పి తగ్గిపోయింది.
తెల్లారుజామున తీస్తే పడుద్దేమో."

పడదమ్మా, అని నోటిదాకా వచ్చింది.
ఐదింటికి గది తీసి ఉంచుతాను, రా, అన్నాను.
మిషను వెయ్యను.
గడియారం పక్కన పెట్టుకుని కూర్చుంటాను.
ఏ వేలు ఎప్పుడు విచ్చుకుందో చీటీ మీద రాసి,
బుధవారం వచ్చే కీళ్ల డాక్టరు బల్ల మీద
ఆ కడిగిన పళ్లెం పైన పెడతాను.